టార్చ్ వెలిగించే ముందు ఆ పది నిమిషాలు

ఈరోజు మన షెడ్‌లోనే మాట్లాడుకుందాం. నా వెనకాల ట్రాలీ మీద రెండు సిలిండర్లు కనిపిస్తున్నాయి కదా. నల్లది ఆక్సిజన్. మెరూన్ రంగుది అసిటిలిన్, షాపుల్లో డీఏ అంటాం. ఈరోజు వెల్డింగ్ నేర్పను, కటింగూ నేర్పను. టార్చ్ బిగించి, వెలిగించి, మంట సరిచేసి, ఆర్పేస్తాను. అంతే. "దీనికి ఒక వీడియో ఎందుకన్నా, లైటర్ కొడితే అంటుకుంటుంది కదా" అంటారేమో. అంటుకుంటుంది. మావాడి చొక్కా కూడా అలాగే అంటుకుంది.

ముందు అది చెప్పేస్తా. విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే ఒక షెడ్‌లో నేను హెల్పర్‌గా చేరిన మొదటి ఎండాకాలం. మే నెల, పైన రేకులు. నాతోపాటే చేరిన ఒకడు గ్రైండింగ్ చేసి వచ్చాడు, ఒళ్లంతా ఇనుప పొడి. "ఒరేయ్, కాస్త గాలి కొట్టరా" అన్నాడు. నా చేతిలో టార్చ్ ఉంది. ఆక్సిజన్ వాల్వ్ తిప్పి వాడి వీపు మీద, చొక్కా లోపలికి కొట్టాను. "చల్లగా ఉందిరా" అని నవ్వి, పోయి మళ్లీ గ్రైండర్ పట్టుకున్నాడు. ఒక్క నిప్పురవ్వ. మామూలుగా అయితే చిన్న చిల్లు పడి ఆరిపోయేది. ఆరోజు భగ్గుమంది. మేస్త్రీ పరిగెత్తుకొచ్చి తడి గోనెపట్టా కప్పారు. వాడు నెలన్నర ఆస్పత్రిలో ఉన్నాడు. ఇప్పుడు ఈ ఫోన్ పట్టుకుని వీడియో తీస్తున్నది వాడే. "చెప్పొచ్చారా" అని అడిగితే, "పేరు తప్ప అన్నీ చెప్పు" అన్నాడు.

ఎందుకలా జరిగిందంటే, మనం పీల్చే గాలిలో ఆక్సిజన్ 21 శాతమే. అది కొన్ని శాతాలు పెరిగినా చాలు, బట్టలు, జుట్టు మామూలు కంటే చాలా వేగంగా కాలతాయి. బట్ట పోగుల మధ్య ఆక్సిజన్ కాసేపు ఉండిపోతుంది కూడా. ఆక్సిజన్ తనంతట తాను మండదు, ఎదురుగా ఉన్నదాన్ని మండిస్తుంది. వాసన ఉండదు, రంగు ఉండదు. అందుకే దాన్ని "గాలి" అనకండి. షెడ్‌లో ఎవరైనా "గాలి కొట్టు" అంటే కంప్రెసర్ చూపించండి.

సరే, పనిలోకి వద్దాం. చేతులు చూపిస్తున్నా చూడండి, గ్రీజు లేదు, ఆయిల్ లేదు. బండి బేరింగులు సర్దిన చేత్తో ఆక్సిజన్ రెగ్యులేటర్ ముట్టుకోవద్దు. నిండు సిలిండర్‌లో దగ్గర దగ్గర 150 కిలోల ప్రెషర్ ఉంటుంది. ఆ ప్రెషర్ దగ్గర నూనెకి అగ్గిపుల్ల అక్కర్లేదు. మర బిగుతుగా ఉందని కాస్త ఆయిల్ వేసేవాళ్లని నేను చూశాను. మీరు ఆ పని చేయొద్దు.

సిలిండర్లు నిలబెట్టి గొలుసుతో కట్టాలి. అసిటిలిన్ తప్పకుండా నిలువుగానే. దాని లోపల ఖాళీగా ఉండదు. స్పాంజి లాంటి పదార్థం ఉంటుంది, అందులో అసిటోన్, ఆ అసిటోన్‌లో గ్యాస్ కరిగి ఉంటుంది. గులాబ్ జామూన్ పాకం పీల్చుకున్నట్టు అనుకోండి. పడుకోబెట్టి వాడితే గ్యాస్‌తో పాటు అసిటోన్ కూడా పైపులోకి వచ్చేస్తుంది. ఆటోలో పడుకోబెట్టి తెచ్చారా? నిలబెట్టి చాలాసేపు ఆగి అప్పుడు వాడండి.

రెగ్యులేటర్ పెట్టే ముందు ఆక్సిజన్ వాల్వ్‌ని ఒక్క క్షణం తెరిచి మూసేయండి, మూతిలోని దుమ్ము పోతుంది. మూతి మనుషుల వైపు ఉండకూడదు. అసిటిలిన్‌కి ఇలా చేస్తే ఆరుబయట, నిప్పుకి దూరంగా చేయండి. ఇక మరలు. ఆక్సిజన్‌ది మామూలు కుడి మర. అసిటిలిన్‌ది ఎడమ మర, నట్టు మీద గాట్లు కూడా ఉంటాయి. తారుమారుగా బిగించకుండా చేసిన ఏర్పాటు అది. ఎక్కకపోతే బలం పెట్టొద్దు, మీరు తప్పు దానికి పెడుతున్నారని అర్థం. నీలం పైపు ఆక్సిజన్‌కి, ఎర్రది అసిటిలిన్‌కి. ఎర్ర పైపు తెగితే మధ్యలో రాగి ముక్క పెట్టి అతికేవాళ్లున్నారు. రాగి, అసిటిలిన్ కలిస్తే చిన్న దెబ్బకే పేలే పదార్థం తయారవుతుంది. కొత్త పైపు కొనండి.

ఫ్లాష్‌బ్యాక్ అరెస్టర్లు రెండు పైపులకీ ఉండాలి. మంట వెనక్కి వస్తే సిలిండర్ దాకా పోకుండా ఆపేవి అవే. "అదనపు ఖర్చు" అంటారు ఓనర్లు. నా లెక్కలో టార్చ్ కంటే ముందు కొనాల్సింది అది.

ఇప్పుడు రెగ్యులేటర్ స్క్రూ పూర్తిగా వదులు చేయండి. ఇది మర్చిపోతే సిలిండర్ తెరవగానే ప్రెషరంతా ఒక్క తోపున లోపలికి కొడుతుంది. తెరిచేటప్పుడు గేజ్ ఎదురుగా నిలబడొద్దు, పక్కన నిలబడండి. ఆక్సిజన్ మెల్లగా మొదలుపెట్టి పూర్తిగా తెరవండి. అసిటిలిన్ ఒక్క చుట్టు మించొద్దు, చావి వాల్వ్ మీదే వదిలేయండి. ఏమన్నా అయితే ఆ చావి కోసం వెతుక్కునే టైమ్ ఉండదు.

తర్వాత ఒక్కో పైపునీ విడిగా ఖాళీ చేయాలి. టార్చ్‌లో ఆక్సిజన్ వాల్వ్ తెరిచి, స్క్రూ తిప్పి ప్రెషర్ పెట్టి, కొన్ని సెకన్లు పోనిచ్చి మూసేయండి. అసిటిలిన్‌కి కూడా అంతే, గాలి బాగా ఆడే చోట. రెండు గ్యాసులూ పైపులో కలిసి ఉండకూడదు, అందుకే ఇదంతా. ప్రెషర్ ఎంత అనేది నాజిల్ చార్ట్ చూడండి. నా దగ్గరున్న ఈ చిన్న నాజిల్‌కి రెండూ పావు కిలో లోపే. కానీ అసిటిలిన్ ఎప్పుడూ 1 కిలో దాటకూడదు, గేజ్ మీద ఎర్ర గీత అందుకే. ఆ పైన అది ఆక్సిజన్ లేకపోయినా తనంతట తాను విడిపోయి పేలగలదు. జాయింట్లకి సబ్బు నీళ్లు రాయండి. బుడగ వస్తే మూసేసి బిగించండి. వెల్లుల్లి లాంటి ఘాటు వాసన వస్తుందంటే లీకు ఉన్నట్టే. అగ్గిపుల్లతో చూసే మహానుభావులు ఇంకా ఉన్నారు!

కళ్లకి 5 నంబరు షేడ్ గాగుల్స్, తోలు గ్లవ్స్, కాటన్ బట్టలు. పాలిస్టర్ చొక్కా కరిగి ఒంటికి అంటుకుంటుంది. జేబులో సిగరెట్ లైటర్ ఉంటే బయట పెట్టేయండి. వెలిగించడానికి ఇదిగో, ఈ స్పార్క్ లైటర్.

టార్చ్ మూతి మనుషులకీ సిలిండర్లకీ దూరంగా. అసిటిలిన్ మాత్రం కొంచెం తెరిచి లైటర్ కొడుతున్నా... అదిగో, పసుపు మంట, నల్లటి మసి పోగులు ఎగురుతున్నాయి. ఇంకొంచెం తెరిస్తే మసి ఆగిపోతుంది. మంట నాజిల్ వదిలి పైకి లేవకూడదు. ఇప్పుడు ఆక్సిజన్, మెల్లగా. లోపల తెల్లటి శంకువు, దాని చుట్టూ ఈకలాంటి వెలుగు కనిపిస్తున్నాయా? ఆ ఈక తగ్గుతూ శంకువులో కలిసిపోయిన చోట ఆపేయండి. న్యూట్రల్ మంట ఇదే. 3,000 డిగ్రీలు దాటుతుంది. ఇంకా తెరిస్తే శంకువు కుదించుకుపోయి బుస్సుమంటుంది, అది ఇనుమును కాల్చేసే మంట.

"టప్" అని ఆరిపోతే కంగారు పడొద్దు. రెండూ మూసి, నాజిల్ చల్లారాక శుభ్రం చేసి, ప్రెషర్ చూసుకోండి. కానీ ఈల లాంటి శబ్దం వచ్చి, చేతిలో టార్చ్ వేడెక్కుతోందంటే మంట లోపలికి పోయిందన్నమాట. వెంటనే టార్చ్‌లో ఆక్సిజన్ మూయండి, తర్వాత అసిటిలిన్, ఆ తర్వాత సిలిండర్లు. కారణం తెలిసేదాకా మళ్లీ వెలిగించొద్దు. అసిటిలిన్ సిలిండర్ ఒళ్లే వేడెక్కితే దాని దగ్గరికి పోవద్దు, అందర్నీ బయటికి పంపి 101కి ఫోన్ చేయండి.

మామూలుగా ఆర్పేటప్పుడు నేను ముందు అసిటిలిన్, తర్వాత ఆక్సిజన్ మూస్తాను. కొన్ని టార్చ్‌ల పుస్తకంలో తిరగేసి ఉంటుంది, అప్పుడు పుస్తకం మాటే వినండి. తర్వాత సిలిండర్లు రెండూ మూసి, ఒక్కో పైపులో మిగిలింది విడిగా వదిలి, గేజ్‌లు సున్నాకి వచ్చాక స్క్రూలు వదులు చేయాలి.

ఇదిగో, సున్నా. రెండోది కూడా సున్నా. ఒరేయ్, గేజ్ దగ్గరగా చూపించు... ఆఁ, చాలు, ఆపేయ్.