నక్షత్రకుడు వాకిట నిలిచిన వేళ



గత మూడు దినాలుగా ఈ మండపంలో హరిశ్చంద్రోపాఖ్యానం చెప్పుకొంటున్నాం. నిన్న పురాణం ముగిసి అందరూ తీర్థప్రసాదాలు స్వీకరించి వెళ్ళిపోయిన తరువాత ఒక గృహస్థు ధ్వజస్తంభం వద్దనే కూర్చుండిపోయాడు. దీపాలు తగ్గించే వేళకు లేచి నా దగ్గరకు వచ్చి, "అయ్యా, తమరు నక్షత్రకుణ్ణి గురించి చెబుతుంటే అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఆయన మా ఇంటికి రోజూ వస్తున్నాడు" అన్నాడు. ఆ మాట నన్ను రాత్రంతా నిద్రపోనివ్వలేదు. అందువల్ల ఈనాడు చెప్పదలచిన ఘట్టాన్ని రేపటికి ఉంచి, ఋణాన్ని గురించి నాలుగు మాటలు మనవి చేసుకొంటున్నాను.

నక్షత్రకుణ్ణి ఎరుగని తెలుగువారు ఉండరు. మార్కండేయ పురాణంలో విశ్వామిత్ర మహర్షి తానే వచ్చి బాకీ అడుగుతాడు. మన తెలుగు కథలో ఆ పనికి నక్షత్రకుడనే శిష్యుడు బయలుదేరుతాడు. కాశికి పోయే దారి పొడుగునా రాజును వేధిస్తూ నడిచిన ఆ పాత్ర మన మనస్సులలో ఎంతగా నాటుకొన్నదంటే, ఈనాటికీ వెంటబడి వదలనివాణ్ణి చూసి "నక్షత్రకుడిలా తగులుకొన్నాడు" అంటాం. ఈ కాలపు నక్షత్రకుడు మోటారు సైకిలు మీద వస్తాడు. ఫోనులో వస్తాడు. ఒక్కొక్కప్పుడు మన బంధువుల ఫోనులలోకి కూడా వెళ్తాడు.

ఆ గృహస్థు అడిగిన మొదటి ప్రశ్న, "అప్పు చేయడం పాపమా?" అని. మనిషి పుట్టుకతోనే మూడు ఋణాలు మోసికొని వస్తాడని వేదం చెబుతున్నది. ఋషిఋణం, దేవఋణం, పితృఋణం. అధ్యయనం చేత, యజ్ఞం చేత, సంతానం చేత వాటిని తీర్చుకోవాలి. ఋణమే పాపమైతే పుట్టుకే పాపం కావాలి. కాబట్టి పాపం ఋణంలో లేదు. తీర్చవలెననే బుద్ధి తప్పిపోవడంలో ఉన్నది.

సాక్షాత్తు మన శ్రీనివాసుడే ఋణగ్రస్తుడు కదా! పద్మావతీదేవిని వివాహమాడడానికి కుబేరుని వద్ద ధనం తీసికొన్నాడని వేంకటాచల మాహాత్మ్యం చెబుతున్నది. అందుకే ఆయనను వడ్డికాసులవాడని పిలుచుకొంటున్నాం. అయితే ఆ ఋణం ఎట్లా తీసికొన్నాడో గమనించండి. పత్రం వ్రాసి ఇచ్చాడు. బ్రహ్మ, శివుడు, అశ్వత్థ వృక్షం సాక్షులుగా ఉన్నారు. గడువు ఇంత అని నిర్ణయమైంది. చాటుమాటుగా తీసికొన్న అప్పు కాదది. లోకమంతటికీ తెలిసిన అప్పు. స్వామి కుబేరుణ్ణి చూసి తప్పుకొని తిరిగాడని ఏ పురాణంలోనూ లేదు. మరి మనమో! వడ్డీ ఎంతో చదవకుండా సంతకం పెడతాం, ఖాళీ చెక్కు మీద, ఖాళీ ప్రోనోటు మీద కూడా పెడతాం. ఫోనులో వ్రేలితో ఒక్కసారి తాకి వేలకు వేలు తీసికొంటాం. భార్యకు చెప్పం. చెప్పని అప్పుకు దైవం తప్ప వేరు సాక్షి ఉండడు.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పకపోతే ఈ ఉపన్యాసం చెప్పే అర్హత నాకు లేదు. ఎన్నో ఏండ్ల క్రిందట మా పెద్దమ్మాయి వివాహానికి శక్తికి మించి ఖర్చు చేశాను. వియ్యంకుల ముందు తక్కువ కాకూడదనే అహంకారం తప్ప మరొక కారణం లేదు. ఒక ఫైనాన్సు సంస్థ వద్ద నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చాను. మూడు వాయిదాలు తప్పాయి. ఒకనాటి ఉదయం నేను సంధ్యావందనంలో ఉండగా వాకిట్లో మోటారు సైకిలు ఆగిన చప్పుడైంది. ఎనిమిదేండ్ల మా అబ్బాయిని పిలిచి, "నాన్నగారు ఊళ్ళో లేరని చెప్పిరా" అన్నాను. వాడు వెళ్ళి చెప్పి వచ్చాడు. వచ్చి నా ముఖం వంక చూడలేదు. నా భార్య వంటింటి గడపలో నిలబడి, "అప్పు మీది. అబద్ధం వాడిదా?" అని ఒక్క మాట అన్నది.

హరిశ్చంద్రుని కథ ఊరూరా చెప్పే నేను, సూర్యుని ఎదుట అర్ఘ్యం పట్టుకొని, నా బిడ్డ నోట అసత్యం పలికించాను. ఆనాడు నేను చేసిన తప్పు అప్పు కాదు; ఇది. మరునాడు ఆ సంస్థకు నేనే వెళ్ళాను. నా జీతం ఇంత, నా ఇంటి ఖర్చు ఇంత, నెలకు ఇంతే కట్టగలనని కాగితం మీద వ్రాసి చూపించాను. మేనేజరు మొదట కేకలు వేశాడు. పిదప గడువు పెంచాడు. నా భార్య గాజులు అమ్మింది. రెండు సంక్రాంతులు క్రొత్త బట్టలు లేకుండా గడిచాయి. నాలుగేండ్లకు తీరింది. కడపటి వాయిదా కట్టిన నాటి రాత్రి పచ్చడి మెతుకులే తిన్నాం. అప్పు లేకుండా, తన ఇంట తాను ఉండి, దినంలో ఏ వేళకో ఇంత కూర వండుకొని తినేవాడే సుఖి అని ధర్మరాజు యక్షునికి చెప్పిన సమాధానం ఆ రాత్రి నాకు అర్థమైంది.

ఇక ఆ గృహస్థు అడిగిన రెండవ ప్రశ్న. అది ప్రశ్న కాదు. తల వంచుకొని, "నేను పోతే అంతా తీరిపోతుందేమో" అన్నాడు. నాయనలారా, ఈ మాటను నేను తేలికగా దాటిపోలేను. మార్కండేయ పురాణంలో హరిశ్చంద్రునికి కూడా సరిగ్గా ఈ ఆలోచనే వస్తుంది. ప్రాణం విడిచిపెడదామా అని తలపోస్తాడు. పిదప, ప్రాణం పోయినంత మాత్రాన ఇచ్చిన మాట తీరదని గ్రహించి, బ్రతికి ఉండి తీర్చే దారినే వెదకుతాడు. ఆ మహారాజు చేసినవన్నీ మనం చేయాలని నేను చెప్పడం లేదు; ఆలుబిడ్డలను కష్టపెట్టమని అసలే చెప్పను. ఆయన ఎన్నుకొన్న దారిని మాత్రం గమనించండి. గడువు అడిగాడు. అడిగినవాని ఎదుట నిలబడ్డాడు. బ్రతికాడు. ఎవరి మనస్సులోనైనా అటువంటి తలంపు మెదిలితే, ఈ రాత్రే ఇంట్లో ఒకరితో చెప్పండి. ఇంట్లో చెప్పలేకపోతే 14416 అనే టెలి మానస్ నంబరుకు ఫోను చేయండి. ప్రభుత్వమే ఏర్పాటు చేసిన సహాయం అది, మన తెలుగులోనే మాట్లాడతారు. బాకీ ఎంతటిదైనా ధనంతో కొలిచేదే. ప్రాణంతో కొలిచేది కాదు.

అయితే అప్పు ఇచ్చినవానికి ధర్మం లేదా? ఉన్నది. మనువు వశిష్ఠ మహర్షి నిర్ణయించిన వడ్డీని చెప్పాడు. నెలకు అసలులో ఎనభయ్యవ వంతు. అనగా నూటికి రూపాయి పావలా. కౌటిల్యుని అర్థశాస్త్రం కూడా ధర్మమైన వడ్డీ అంతేనన్నది. ఒక్కసారిగా రాబట్టే వడ్డీ అసలును మించరాదని కూడా మనువు కట్టడి చేశాడు. ఈనాడు లెక్క వేసి చూడండి. లక్ష రూపాయలు నూటికి మూడు చొప్పున తెస్తే ఏడాదికి 36,000 రూపాయల వడ్డీ. 34 నెలలకు వడ్డీ అసలును దాటిపోతుంది. వశిష్ఠుని లెక్కలో వడ్డీ అసలుతో సమానం కావడానికి 80 నెలలు పడుతుంది. క్రెడిట్ కార్డు మీద బాకీ నిలబెట్టుకొంటే చాలా కార్డులకు నెలకు మూడు, మూడున్నర రూపాయల దాకా పడుతుంది. బిల్లులో "కనీస మొత్తం" అని వ్రాసినది కట్టి ఊరుకొంటే అసలు దాదాపు అట్లాగే ఉండిపోతుంది. కాబట్టి పలు అప్పులు ఉన్నవారు ఎక్కువ వడ్డీ పడేదానిని ముందు తీర్చుకోవాలి. ఒక అప్పు తీర్చడానికి అంతకంటె ఎక్కువ వడ్డీకి మరొకటి తేవడం నిప్పును నేతితో ఆర్పబోవడమే.

అడిగే పద్ధతికీ హద్దు ఉన్నది. మన ఆంధ్రదేశంలో సూక్ష్మ ఋణాల వసూలు బాధలు పడలేక ఎందరో ప్రాణాలు తీసికొన్నారన్న ఆక్రందన లేచిన పిమ్మట, 2010 అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. పిదప అది చట్టమైంది. 2022 ఆగస్టు 12న రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశం ప్రకారం బ్యాంకుల, ఫైనాన్సు కంపెనీల వసూలు ఏజెంట్లు ఉదయం 8 గంటలకు ముందు, సాయంత్రం 7 గంటల తరువాత ఫోను చేయరాదు. బెదిరించరాదు. నలుగురిలో అవమానించరాదు. బంధుమిత్రుల జోలికి పోరాదు. అప్పు ఇచ్చే యాప్‌లు మన ఫోనులోని పేర్ల జాబితాను, ఫొటోలను తీసికోరాదని అదే సంవత్సరం సెప్టెంబరులో మార్గదర్శకాలు వచ్చాయి. ఇవి మీరితే ముందుగా ఆ సంస్థకే వ్రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. 30 దినాలలో సమాధానం రాకపోయినా, వచ్చినది సరిగా లేకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వ్రాయండి, రుసుము లేదు. ఫొటోలు మార్చి పంపుతామని బెదిరించే దొంగ యాప్‌ల విషయంలో 1930 నంబరుకు ఫోను చేసి, పోలీసు స్టేషనుకు వెళ్ళండి. ధనం బాకీ ఉన్నంత మాత్రాన మానం బాకీ పడలేదు. అయితే కోర్టు నోటీసు గాని, చెక్కు చెల్లలేదన్న నోటీసు గాని వస్తే దానిని బీరువాలో దాచకండి. చెక్కు నోటీసు అందిన 15 దినాలలో ఆ సొమ్ము కట్టాలి, లేకపోతే నేరమవుతుంది. అటువంటిది వస్తే వెంటనే వకీలు వద్దకు వెళ్ళండి.

భద్రాచల రామదాసు చరిత్ర మీకందరికీ తెలుసు. సర్కారు సొమ్ముతో గుడి కట్టించినందుకు గోలకొండ చెరలో మగ్గాడు. రామలక్ష్మణులు తానీషా వద్దకు వెళ్ళి రామమాడలు కుమ్మరించారు. అంతటితో అంతర్ధానం కాలేదు. రసీదు వ్రాయించుకొన్నారు! ఆ రసీదును గోపన్న తలగడ క్రింద ఉంచి మరీ వెళ్ళారని మన పెద్దలు చెబుతారు. జగదేకవీరుడే రసీదు లేకుండా సొమ్ము ఇవ్వకపోతే, మనం వసూలుకు వచ్చినవాని చేతిలో నోట్లు పెట్టి "తరువాత ఇస్తాడులే" అనవచ్చునా? ప్రతి వాయిదాకు రసీదు తీసికోండి. అంతా తీరిన తరువాత బాకీ లేదన్న పత్రం, మీరిచ్చిన ప్రోనోటు, చెక్కులు వెనక్కి తీసికోండి. సిబిల్ వంటి సంస్థలలో మన పద్దు 300 నుండి 900 వరకు అంకెలలో ఉంటుంది. 2017 నుండి ప్రతి సంస్థ వద్ద ఏడాదికి ఒకసారి ఆ పద్దును ఉచితంగా చూసుకోవచ్చు. తీరిన అప్పు తీరనట్లు ఉంటే సరిచేయించుకోండి.

పితృఋణమంటే తండ్రి అప్పు తీర్చడమేనని కొందరు భయపడుతున్నారు. జూదానికి, మద్యానికి తండ్రి చేసిన అప్పు కొడుకు తీర్చనక్కరలేదని మనువే చెప్పాడు. 2005 సెప్టెంబరు 9 తరువాత చేసిన అప్పులకు, కేవలం కొడుకు ధర్మమనే కారణం చేత న్యాయస్థానం కొడుకును, మనుమణ్ణి బాధ్యుణ్ణి చేయదని హిందూ వారసత్వ సవరణ చట్టం చెబుతున్నది. తండ్రి విడిచిన ఆస్తి తీసికొంటే మాత్రం ఆ మేరకు బాకీ దానిని అంటిపెట్టుకొనే వస్తుంది.

చివరగా రెండు మనవులు. అప్పు చేసి మొక్కు చెల్లించకండి. వడ్డీ కడుతున్న స్వామికి వడ్డీ బాధ తెలియదా? గడువు కోరి దండం పెట్టండి, తులసిదళం సమర్పించండి, చాలు. ఇక ఈ మండపంలో అప్పు ఇచ్చేవారూ కూర్చున్నారు. మీ సొమ్ము మీకు రావాలి. అడగడం మీ హక్కు. అయితే అడగడానికి వెళ్ళినప్పుడు ఆ ఇంటి పసిబిడ్డ తలుపు తీస్తే, ఒక్క క్షణం ఆగండి. ఆ బిడ్డ నోట అబద్ధం రాకుండా మీరూ కాపాడగలరు.

నిన్నటి గృహస్థు ఈ రాత్రి సభలో ఉన్నాడో లేదో నేను వెదకను. ఉంటే ఒక్కటే కోరుతున్నాను. ఇంటికి వెళ్ళి, పిల్లలు నిద్రపోయాక ఆ ఇల్లాలి ప్రక్కన కూర్చో. ఒక తెల్లకాగితం తీసికో. ఎవరికి ఎంత, ఏ వడ్డీకి, ఏనాటి నుండి, అన్నీ వ్రాసి ఆమెకు చూపించు. హరిశ్చంద్రునికి చంద్రమతి తోడున్నట్లు నీకూ తోడు ఉన్నది. రేపు నక్షత్రకుడు వచ్చినప్పుడు తలుపు నీవే తీయి.

శ్రీనివాసుని కరుణా కటాక్షం మనందరి మీద ప్రసరించుగాక! స్వస్తి.