వణికే చేతికి తిన్నని గీత
పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం



1982వ సంవత్సరం డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెబుతూ, పెన్షను దయాధర్మం కాదు, ఉద్యోగి హక్కు అన్నది. అందుకే ఈ రోజు మనకు పండుగ. ఆ తీర్పు గురించి, కరువు భత్యం బకాయిల గురించి నా ముందు మాట్లాడిన మిత్రులు వివరంగా చెప్పారు. కార్యదర్శి గారు నాకు మాత్రం “రిటైరైన తర్వాత కాలక్షేపం” అన్న అంశం ఇచ్చి, పది నిమిషాలకు మించవద్దన్నారు. సర్వీసులో ఏనాడూ ఫైలు ఆలస్యం చేసినవాణ్ణి కాదు గనుక ప్రయత్నిస్తాను.

సభ వెనుక బల్ల మీద గాజుపెట్టెలో ఒక ఓడ ఉంది. వచ్చేటప్పుడు చాలామంది చూశారు. అది విక్రాంత్. 2022 సెప్టెంబరు 2న కొచ్చిలో నౌకాదళంలో చేరిన కొత్త విక్రాంత్ కాదు, మన పాత విక్రాంత్. ఇంగ్లండులో 1943లో కట్టడం మొదలుపెట్టి, యుద్ధం ముగిశాక సగంలో ఆపేస్తే, మన ప్రభుత్వం కొని పూర్తి చేయించింది. 1961 మార్చి 4న బెల్‌ఫాస్టులో మన జెండా ఎగరేసింది. 1997 జనవరి 31న రిటైరైంది. కొన్నేళ్లు బొంబాయిలో మ్యూజియంగా ఉండి, 2014లో తుక్కు కింద అమ్ముడుపోయింది. అసలు ఓడ పొడవు 213 మీటర్లు. నాది దానికి 350వ వంతు, అంటే సుమారు రెండడుగులు.

మా తమ్ముడు ఆ ఓడలో పని చేశాడు. పైన విమానాల దగ్గర కాదు, అడుగున బాయిలర్ల దగ్గర. పదిహేనేళ్ల సర్వీసు చేసి వచ్చాడు. రెండేళ్ల క్రితం పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పడిపోయింది. మాట నిదానంగా వస్తుంది. మందులు, వ్యాయామం అన్నీ ఇంట్లోవాళ్లు చూసుకుంటున్నారు. మనిషి మాత్రం గోడకేసి చూస్తూ కూర్చునేవాడు. తుక్కైపోయిన ఓడను వాడికి మళ్లీ చూపించాలని నాకు బుద్ధి పుట్టింది. నాకు డెబ్బై ఏడేళ్లు. ముప్పై ఏడేళ్లు ఆఫీసులో కలం పట్టిన కుడి చెయ్యి ఇప్పుడు వణుకుతుంది. పెన్షను కాగితం మీద సంతకం పెడితే బ్యాంకువారు మూడుసార్లు పోల్చుకుంటున్నారు. అటువంటి చేత్తో రెండడుగుల ఓడకు రంగులు వేయడమేమిటని మా ఆవిడ అడిగింది. న్యాయమైన ప్రశ్నే.

దానికి జవాబు టేపు. రంగు అంటకూడని చోట ముందుగా టేపు అంటించి, మిగతా చోట రంగు వేసి, తర్వాత టేపు లాగేస్తారు. కారు షెడ్లలో పెయింటర్లు చేసేదే. దీన్నే మాస్కింగ్ అంటారు. ఇందులో గొప్ప విషయం ఏమిటంటే, గీత గీసేది చెయ్యి కాదు, టేపు అంచు. టేపు అంటించేటప్పుడు ఎంతసేపైనా తీసుకోవచ్చు, వంకర పోతే పీకి మళ్లీ అంటించవచ్చు. అంతా సరిగా ఉందని తృప్తి కలిగాకనే రంగు. ఆపైన చెయ్యి వణికినా గీత వణకదు.

ఓడ శరీరం మా వీధి వడ్రంగి మెత్తని కర్రతో చెక్కి ఇచ్చాడు. దాని మీద లప్పం పట్టించి, ఆరాక ఉప్పు కాగితంతో రుద్ది, ప్రైమరు వేశాను. తర్వాతది ఆసక్తి ఉన్నవారు రాసుకోండి. విమానాలు దిగే పై డెక్కు ముదురు బూడిద రంగు, దాని మీద తెల్లని గీతలు ఉంటాయి. అసలు ఓడలో అడుగు వెడల్పుండే గీత నా ఓడలో ఒక మిల్లీమీటరు కూడా రాదు. దాన్ని కుంచెతో గీయడం నాకే కాదు, పాతికేళ్ల కుర్రాడికీ కష్టమే. కనుక పని తలకిందులుగా చెయ్యాలి. ముందు డెక్కంతా తెలుపు కొట్టాలి. అది బాగా ఆరాక, గీతలు రావలసిన చోట సన్నని టేపు పీలికలు అంటించాలి. ఆ పైన బూడిద రంగు వేసి టేపు తీస్తే, కింద దాగిన తెలుపు గీతలై బయటపడుతుంది.

బజారు టేపు అంచు నలిగి ఉంటుంది. దాన్ని గాజు పలక మీద అంటించి, స్టీలు స్కేలు ఆనించి, కొత్త బ్లేడుతో పీలికలు కొయ్యాలి. అంటించాక అంచు వెంట గోటితో నొక్కాలి. అప్పుడు మళ్లీ ఒక పలుచని పూత తెలుపే వెయ్యాలి. ఎందుకంటే టేపు కింద ఎక్కడైనా సందు ఉంటే రంగు అందులోకి పాకుతుంది. పాకేదేదో తెలుపే పాకి సందు మూసేస్తే, తర్వాత వచ్చే బూడిద రంగుకు దారి ఉండదు. ఈ కిటుకు నేర్చుకోవడానికి నాకు రెండు పాడైన డెక్కులు ఖర్చయ్యాయి.

నీటిమట్టం దగ్గర నల్లని పట్టీ ఉంటుంది. పైన లేత బూడిద, కింద ఎరుపు. ఓడను బల్ల మీద కదలకుండా నిలబెట్టి, పెన్సిలును ఒక చెక్కదిమ్మకు కట్టి, ఆ దిమ్మను బల్ల మీద జరుపుతూ ఓడ చుట్టూ తిరిగితే ఒకే ఎత్తులో గీత పడుతుంది. అక్కడ ముందు నలుపు వేసి, పట్టీ వెడల్పుకు టేపు చుట్టి, పైన బూడిద, కింద ఎరుపు వేశాను. ఒక రంగు వేసేటప్పుడు మిగతా ఓడను కాగితాలతో కప్పాలి. ఇంట్లో మూలుగుతున్న పాత వేతన సవరణ జీవోల జిరాక్సులు ఇందుకు వాడాను. నా సర్వీసులో ఆ జీవోలు ఏ లోటూ లేకుండా కప్పింది ఈ ఓడనొక్కదాన్నే.

రంగు డబ్బా అడుగు దూరంలో పట్టుకుని, పలుచగా మూడు నాలుగు పూతలు కొట్టాలి. ఒకేసారి చిక్కగా కొడితే కారుతుంది. మన విశాఖపట్నంలో గాలిలో తేమ ఎక్కువ. ముసురు పట్టిన రోజు కొడితే రంగు పాలిపోయినట్లు మసకేస్తుంది. ఎండ వచ్చేదాకా ఆగండి. డాబా మీద ఆరుబయట కొట్టండి, ముక్కుకు గుడ్డ కాదు, సరైన మాస్కు పెట్టుకోండి. ఉబ్బసం ఉన్నవారు స్ప్రే జోలికి పోకుండా కుంచెతోనే పలుచగా వేసుకోండి.

ఇప్పుడు నా తప్పు చెబుతాను. సన్న టేపు అయిపోయింది. బజారుకు వెళ్లడానికి బద్ధకించి, పార్సిళ్లకు వేసే గోధుమరంగు టేపు వాడాను. కింద ప్రైమరు మీద రుద్దిన ధూళి కూడా సరిగా తుడవలేదు. ఈ సభనాటికి పూర్తి చేయాలన్న తొందర. టేపు లాగేసరికి తెలుపు, ప్రైమరు కలిసి అరచేతి మందాన లేచి వచ్చేశాయి. కింద కర్ర కనిపించింది. రెండు నెలల పని. ఆ రోజు ఓడ మీద పాత పంచె కప్పి అటక మీద పెట్టేశాను. ఇరవై రోజులు దాని మాట ఎత్తలేదు.

తమ్ముడు ఫోనులో అడిగాడు, “ఓడ ఎంతవరకూ వచ్చింది అన్నయ్యా?” అని. “రిపేరులో ఉందిరా” అన్నాను. వాడు కాసేపాగి, మాట కూడదీసుకుంటూ చెప్పాడు. “మాదీ అంతే. నాలుగు బాయిలర్లలో ఒకటి పగులిచ్చింది. మూడింటితోనే వెళ్లాం కదా.”

1971 సంగతి అది. విమానవాహక నౌక గాలికి ఎదురుగా వేగంగా పోతేనే దాని మీది విమానాలకు లేవడం సులువు. బాయిలరు పగిలితే పూర్తి వేగం అందదు. అయినా ఆ ఓడను బంగాళాఖాతానికి పంపారు. డిసెంబరు 4 నుంచి దాని మీది సీ హాక్, అలిజే విమానాలు కాక్స్ బజార్, చిట్టగాంగుల మీద దాడి చేశాయి. మూడు బాయిలర్లతో యుద్ధం చేసిన ఓడకు, లేచిపోయిన రంగు ఒక లెక్కా అనిపించింది. మర్నాడే అటక ఎక్కాను. ఎక్కింది మనుమడు, నిచ్చెన పట్టుకున్నది నేను.

టేపు తీసే పద్ధతి కూడా చెప్పాలి. రంగు పూర్తిగా గట్టిపడకముందే, చేతికి అంటనంత ఆరాక, టేపును పైకి కాకుండా దాని మీదికే మడుస్తూ నిదానంగా లాగాలి. ఆ రోజు తమ్ముణ్ణి మా ఇంటికి తీసుకొచ్చాం. ఎడమ చేత్తో ఒక్కొక్క పీలికా వాడే లాగాడు. గీతలు బయటపడుతుంటే, “సరిగ్గా ఉన్నాయేమో చూడరా” అన్నాను. వాడు నవ్వాడు. “నాకేం తెలుసు? పైకి ఎక్కడ వచ్చాను? కింద మంటల దగ్గరే కదా.” నేను డెక్కు గీతలకు నాలుగు నెలలు పాటుపడితే, వాడు ఆ గీతలు సరిగా చూసే ఎరగడు! తర్వాత పొగగొట్టం వైపు వేలు చూపించి, “ఇది ఇంత శుభ్రంగా ఉండదు. మసి పట్టాలి. ఆ మసి మాదే” అన్నాడు. దీపం మసి వేలికి రాసుకుని, ఆ ఎడమ చేత్తోనే పొగగొట్టం అంచుకు తనే పూశాడు. మీరు చూసినప్పుడు మరక అనుకోకండి.

ఆ పూటే ఒక మాట వాడితో చెప్పాను. యాభై ఏళ్లకు పైగా దాచిన మాట. 1971 డిసెంబరులో మన ఊళ్లో బ్లాకవుట్లు మీలో పెద్దవారికి జ్ఞాపకం ఉంటాయి. కిటికీ అద్దాలకు మైదా జిగురుతో నల్లకాగితాలు అంటించాం. ఆలోచిస్తే నా మొదటి మాస్కింగ్ అదే. మూడో తేదీ అర్ధరాత్రి దాటాక సముద్రం వైపు పెద్ద చప్పుడు, తలుపులు అదిరాయి. విక్రాంత్‌ను వెతుక్కుంటూ వచ్చిన పాకిస్తాను జలాంతర్గామి ఘాజీ మన రేవు ముందే మునిగిందని తర్వాత తెలిసింది. ఆ రాత్రి మాత్రం ఏమీ తెలియదు. తమ్ముడి నుంచి ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. అమ్మ అన్నం ముట్టడం మానేసింది. ఆమెకు చదువు రాదు. నేను వాడి పాత ఉత్తరం ఒకటి తీసి, ఇవాళే వచ్చిందని చెప్పి, లాంతరు వెలుగులో చదివేశాను. “నేను క్షేమం. నువ్వు పంపిన సున్నుండలు అందాయి.” అమ్మ విని, కళ్లు తుడుచుకుని, అన్నం తిన్నది. అమ్మను మోసం చేశానన్న బాధ ఆమె పోయాక కూడా నాలో ఉండిపోయింది.

నేను చెప్పింది విని తమ్ముడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఒక్కొక్క మాటే పేర్చుకుంటూ అన్నాడు. “అమ్మకు తెలుసు అన్నయ్యా. నాతో చెప్పింది. సున్నుండలు శ్రావణంలో పంపాను, ఆ ఉత్తరం అప్పుడే విన్నాను, పెద్దాడు అంత కష్టపడి చదువుతుంటే కాదనడమెందుకని తిన్నానురా అంది.”

మిత్రులారా, ఆ మాట వినడానికి నాకు ఈ ఓడ కావలసి వచ్చింది. ఫోనులో యోగక్షేమాలు, మందుల పేర్లు తప్ప మేమిద్దరం ఏమీ మాట్లాడుకునేవాళ్లం కాము. రెండు చేతుల మధ్య ఒక పని పెడితే మాట దానంతటదే వచ్చింది. మీరు ఓడే చెయ్యనక్కర లేదు. బొమ్మల కొలువుకు రంగులు వేయండి, పాత రేడియో విప్పండి, ఏదో ఒకటి. కాకపోతే ఒంటరిగా చెయ్యకండి. మీకంటే ఓపిక తగ్గినవారినొకరిని పక్కన కూర్చోబెట్టుకోండి.

తమ్ముడు ఈ సభలోనే ఉన్నాడు, గాజుపెట్టె పక్కన చక్రాల కుర్చీలో. ఓడ గురించి సందేహాలుంటే వాణ్ణి అడగండి. జవాబు నెమ్మదిగా వస్తుంది, తొందర పెట్టకండి. డెక్కు గీతల గురించి మాత్రం నన్నే అడగాలి.

కార్యదర్శి గారు గడియారం చూసుకుంటున్నారు.  జై హింద్.