అంకెల మూట కట్టుట, విప్పుట

తంతి సమాచారములు నడచిన కాలమున, పెండ్లివారికి శుభాకాంక్షలు పంపదలచినవారు వాక్యమంతయు వ్రాయ నక్కరలేకుండెను. తంతి కార్యాలయపు పట్టికలో ఒక్కొక్క వాక్యమున కొక్కొక్క అంకె యుండెడిది. ఆ అంకెను వ్రాసి యిచ్చిన చాలును. తీగమీద అంకె మాత్రమే పోయెడిది. ఆవలి యూరి గుమాస్తా తన పట్టికను చూచి పూర్తి వాక్యమును వ్రాసి అందజేసెడివాడు. మన దేశమున తంతి సేవ 2013లో నిలిచిపోయినది గాని, ఆ యుపాయము మాత్రము పోలేదు. నేడు కంప్యూటర్లు తమలో తాము సమాచారము నంపుకొనునపుడు తరచుగా జరుగుచున్న దిదియే.

కంప్యూటరులో పని నడచుచున్నంతసేపు అంకెలు, పేర్లు, జాబితాలు దాని జ్ఞాపకశక్తిలో తలయొక చోట నుండును. వానిని దాచవలెనన్నను, దూరమునకు పంపవలెనన్నను, అన్నిటిని ఒక్క వరుసగా పేర్చవలెను. దీనిని సీరియలైజేషన్ అందురు. మనము మూట కట్టుట యనుకొనవచ్చును. ఆ వరుసనుండి మరల వస్తువులను వెలికిదీయుట మూట విప్పుట. వరుసలోని ఒక్కొక్క గడి పేరు బైటు; అందు 0 మొదలు 255 వరకు ఏదో యొక అంకె పట్టును.

పైథాన్ భాషలో పనిచేయువారు ఎక్కువగా వాడునది జేసన్ అను పద్ధతి. అది కంటితో చదువదగిన వ్రాత. దానికంటె బిగువుగా కట్టునది మెసేజ్‌ప్యాక్. జపాను దేశీయుడైన సదయుకి ఫురుహాషి దీనిని రూపొందించెను. ఇది పైథాన్‌తో పాటు రాదు, వేరుగ తెచ్చుకొనవలెను. తెచ్చుకొన్న పిమ్మట కట్టుటకు ప్యాక్‌బి, విప్పుటకు అన్‌ప్యాక్‌బి అను రెండు మాటలు చాలును.

మేమొక చిన్న మూటను లెక్కించి చూచితిమి. అందు 'వాన' అను పేరున 42, 'ఊరు' అను పేరున 'తెనాలి' ఉన్నవి. జేసన్ పద్ధతిని పైథాన్ తన యలవాటు చొప్పున వ్రాసిన 88 బైట్లు పట్టినది. ఏలయన, అది తెలుగు అక్షరమును అక్షరముగా వ్రాయదు. ఒక్కొక్క అక్షరమునకును గుణింతపు గుర్తునకును ఆరేసి ఇంగ్లీషు గుర్తులు వాడును. తెలుగును తెలుగుగానే వ్రాయుమని చెప్పి, నడుమ ఖాళీలను తీసివేసిన 49 బైట్లు. మెసేజ్‌ప్యాక్‌లో 41. చూడగా, ఈ పొదుపులో పెద్దపాలు కొత్త పద్ధతి గొప్పతనము కాదు, తెలుగునకు జరిగిన అన్యాయమును సరిదిద్దుటయే.

అసలు లాభము అంకెలలో నున్నది. మెసేజ్‌ప్యాక్‌లో ప్రతి వస్తువు మొదటి బైటే తానెవరో చెప్పును. 0 మొదలు 127 వరకు గల అంకెకు ఆ యొక్క బైటే సరిపోవును. 255 వరకు రెండు, 65,535 వరకు మూడు. కాని దశాంశ సంఖ్య వచ్చినదా, తొమ్మిది బైట్లు! 12.5 అని కాగితముమీద వ్రాయుటకు నాలుగు గుర్తులే కదా. బిగువైన పద్ధతియన్న పేరు చూచి అన్నిచోట్ల బిగువే యనుకొనరాదు.

వానలెక్కలు మిల్లీమీటరులో పదవ వంతు వరకు వ్రాయుదురు. ఏడాది 365 దినముల లెక్కను దశాంశములుగా కట్టిన 3,288 బైట్లగును. ప్రతి లెక్కను పదింతలు చేసి, 12.5కు బదులు 125 అని వ్రాసిన, వాన లేని దినములు 300 ఉన్న యేట మూట 498 బైట్లకు మించదు. పొలము గట్టున నిలబెట్టిన పరికరము బలహీనమైన ఫోను సంకేతముమీద లెక్క పంపునపుడు ఈ తేడా చిన్నది కాదు.

మేమును ఒక యూరి వానలెక్కలను ఇట్లే కట్టి యుంచితిమి. పదింతలు చేసితిమను సంగతి మా మనస్సున దప్ప ఎక్కడను లేదు. కొన్నేండ్లకు ఒక యువకుడు ఆ మూటను విప్పి పటము గీచెను. మూట చక్కగా విడివడినది. ఒక్క బైటైనను చెడలేదు. కాని అతడు 125ను మిల్లీమీటర్లుగానే చదివెను. ఒక దినమున 12.5 మిల్లీమీటర్లు పడిన వాతావరణ శాఖవారు తేలికపాటి వాన యందురు. 125 పడిన అతి భారీ వర్ష మందురు. ఆ పటమును చూచిన ఒక ముసలి రైతు, "ఇంత వానే పడుంటే మా చెరువుకట్ట నిలిచేదా బాబూ?" అని యడిగెను. ఆ యువకుడు తన లెక్కలన్నియు మరల సరిచూచుకొని తప్పు కానక, మా యొద్దకు వచ్చెను. తప్పు మాది. తంతి పట్టిక మా యింట నుంచుకొని అంకెను మాత్రము పంపితిమి.

ఇంకొక మాట. పైథాన్‌తోనే వచ్చు పికిల్ అను సాధనము కలదు. పికిల్ అనగా ఊరగాయ. ఇది పైథాన్ వస్తువులను దాదాపు ఉన్నవి యున్నట్లు దాచును గాని, దాని జాడీలో ఆజ్ఞలు కూడ పట్టును. మూత తీయునపుడు అవి అమలు జరుగును. తెలియనివారు పంపిన జాడీని తెరువవలదని పైథాన్ గ్రంథకర్తలే హెచ్చరించియున్నారు. మెసేజ్‌ప్యాక్ మూటలో మామూలుగా వస్తువులే యుండును, ఆజ్ఞలుండవు.

ఇప్పుడు మేము కట్టు ప్రతి మూట మొదటను 'మిల్లీమీటరులో పదవ వంతు' అని ఒక్కసారి వ్రాయుచున్నాము. దానికి 64 బైట్లు పట్టుచున్నవి. పాత మూటలు మరి మూడు మిగిలియున్నవి. వానిని విప్పి, ఆ మాట చేర్చి, తిరిగి కట్టుచున్నాము.