బీపీ బిళ్ళ, రక్తంలో ఉప్పు

పొదుపు లెక్కలు అయిపోయాయి కాబట్టి మేము మన ఇళ్ళల్లో అత్తమ్మల గురించి, మామయ్యల గురించి నాలుగు మాటలు చెబుతాం.

బీపీ ఉంటే ఉప్పు తగ్గించాలని అందరికీ తెలుసు. రోజుకి మనిషికి 5 గ్రాముల లోపు, అంటే టీ చెంచాడు కూడా నిండకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. ఆవకాయ, అప్పడం, ఎండుచేప అన్నీ ఆ చెంచాలోకే వస్తాయండి. కూర చప్పగా వండి పక్కన మాగాయ ముక్కేస్తే ఏం లాభం?

తెలియాల్సింది ఇంకోటుంది. రక్తంలో సోడియం 135 నుంచి 145, పొటాషియం 3.5 నుంచి 5 మధ్య ఉండాలి. బీపీకి ఇచ్చే బిళ్ళల్లో కొన్ని ఒంట్లో ఉప్పుని, నీటిని మూత్రంలో పంపించేస్తాయి. మంచి మందులే. కానీ పెద్దవయసు వాళ్ళకి, అందులోనూ ఆడవాళ్ళకి, వాటివల్ల సోడియం మరీ పడిపోవచ్చు. మొదలుపెట్టిన కొద్ది వారాల్లోనే జరగొచ్చు. రోహిణి కార్తె ఎండల్లో వాంతులు, విరేచనాలు కూడా తోడైతే చెప్పక్కర్లేదు.

అప్పుడు ముసలామె మగతగా పడుకుంటది, అడిగిందే అడుగుద్ది, నడిస్తే తూలుద్ది. మనమేమో చాదస్తం అంటాం, లేదంటే గాలి సోకిందని కోట సత్తెమ్మ తల్లికి మొక్కుకుంటాం. మొక్కుకోండి, వద్దనం. ముందు ఆసుపత్రికి తీసుకెళ్ళి రక్తపరీక్ష చేయించండి. నిన్నటిదాకా బాగున్న మనిషి ఇవాళ తేడాగా ఉంటే అది వయసు వల్ల కాదు. మూతి వంకర పోయినా, చెయ్యి పడిపోయినా వెంటనే 108కి ఫోను చెయ్యాలి. ఉప్పునీళ్ళు పట్టించి ఇంట్లోనే సరిచేద్దామనుకోవద్దు. బీపీ బిళ్ళ మనంతట మనం మానిపించొద్దు. బిళ్ళల అట్టలన్నీ సంచిలో వేసుకెళ్ళి డాక్టరు గారికి చూపించండి.

బజారులో సోడియం తగ్గించిన ఉప్పు దొరుకుతోంది. అందులో కొంత పొటాషియం కలుపుతారు. చైనాలో 600 పల్లెల్లో అలాంటిది వాడించి చూస్తే పక్షవాతాలు తగ్గాయని 2021లో తేలింది. అయితే కిడ్నీ జబ్బున్నవాళ్ళు, టెల్మిసార్టాన్ లాంటి బిళ్ళలు వాడేవాళ్ళు డాక్టరుని అడక్కుండా అది కొనొద్దు. పొటాషియం పెరిగితే గుండె లయ తప్పుద్ది. మన కొబ్బరినీళ్ళలో ఉండేదీ పొటాషియమే, కిడ్నీ జబ్బున్నవాళ్ళకి అవీ అడిగే ఇవ్వాలి.

వచ్చే సమావేశానికి మీ ఇంట్లో పెద్దవాళ్ళ బిళ్ళల పేర్లు కాగితం మీద రాసుకు రండి. ఏఎన్ఎం గారిని పిలిచి చూపిద్దాం. పరీక్షకి డబ్బు ఇబ్బందైతే సంఘం అప్పు అడగండి, మొహమాటపడొద్దు.