బూచాడు ఎక్కడున్నాడు?



ఈ రోజు చీకటి గురించి మాట్లాడుకుందాం. దీపం ఆర్పగానే కొందరు పిల్లలు ఏడుపు మొదలుపెడతారు. అమ్మ కొంగు వదలరు. ఎందుకంత భయం? అది పోవాలంటే పెద్దవాళ్లు ఏం చేయాలి?

రెండు మూడేళ్లు వచ్చేసరికి పిల్లల్లో ఊహ పెరుగుతుంది. చీపురుకట్ట గుర్రం అవుతుంది. కొబ్బరిచిప్ప వంటగిన్నె అవుతుంది. పగలు ఆడించే ఆ ఊహే రాత్రి భయపెడుతుంది. చిలక్కొయ్యకు తగిలించిన చొక్కా మనిషిలా కనబడుతుంది. ఇది గాలి సోకడం కాదు. జబ్బూ కాదు. ఎదిగే వయసులో చాలామంది పిల్లలకు వచ్చేదే. పెద్దయ్యేకొద్దీ తగ్గుతుంది.

కానీ ఆ భయాన్ని పెద్దవాళ్లే కొంత పెంచుతున్నారు. ఎలాగంటారా? పిల్ల అన్నం తినకపోతే "బూచాడొస్తాడు" అంటారు. నిద్రపోకపోతే "అదిగో దెయ్యం" అంటారు. ఆ మాటతో అప్పటికి పని జరుగుతుంది. పిల్ల గబగబా నాలుగు ముద్దలు మింగుతుంది. పొద్దంతా కూలికి పోయి వచ్చిన తల్లికి అంట్లు తోముకునే తీరిక దొరుకుతుంది. ఆమెను తప్పు పట్టలేం. అయితే బూచాడు అంతటితో పోడు. పక్క ఎక్కగానే పిల్ల మనసులోకి వస్తాడు. ఉన్నాడని చెప్పింది అమ్మే కదా! తరువాత "ఎవరూ లేరు, పడుకో" అంటే పిల్ల ఎలా నమ్ముతుంది?

అందుకే మొదటి పని, బూచాడి మాట మానడం. అమ్మ ఒక్కతే మానితే చాలదు. నాన్న, నాయనమ్మ, తాతయ్య, అన్న, అక్క అందరూ మానాలి.

రెండో పని, ఎగతాళి మానడం. "మగపిల్లాడివి, సిగ్గు లేదూ?" అంటే భయం పోదు. భయం వేసినప్పుడు అమ్మకు చెప్పడం మానేస్తాడు, అంతే. అల్లరి చేశారని పిల్లలను చీకటి గదిలో పెట్టి గొళ్లెం వేయడం ఎప్పుడూ చేయకూడదు.

మూడో పని, దగ్గరుండి చూపించడం.

"అమ్మా, ఆ మూల ఎవరో ఉన్నారే!"

"ఎక్కడమ్మా? నా చెయ్యి పట్టుకో. పద, చూద్దాం."

టార్చిలైటు పిల్ల చేతికే ఇవ్వాలి.

"అమ్మా, నాన్న చొక్కా!"

"అవును తల్లీ. పగలూ అక్కడే ఉంది. ఇప్పుడూ అక్కడే ఉంది."

చప్పుళ్లు కూడా ఇలాగే చెప్పాలి. పెంకుల మీద ఎలుక. గోడ మీద బల్లి. పాకలో గేదె గొలుసు. "ఇప్పుడు వినబడింది ఎవరి చప్పుడో చెప్పు" అని ఆట ఆడించవచ్చు. దీపం ఆర్పగానే ఎవరికీ ఏమీ కనబడదు. కొన్ని నిమిషాలు ఆగితే కళ్లు చీకటికి అలవాటుపడతాయి. కిటికీ, తలుపు కనబడతాయి. పిల్ల పక్కన కూర్చుని అది చూపించాలి.

నాలుగో పని, రోజూ ఒకే వేళకు పడుకోబెట్టడం. కాళ్లు కడగాలి. పక్క వేయాలి. ఒక చిన్న కథ చెప్పాలి. పుస్తకం చూసి చదివితే ఇంకా మంచిది. కూడబలుక్కుని చదివినా ఫరవాలేదు. పిల్ల తప్పులు పట్టదు. అమ్మ గొంతు వింటూ నిద్రపోతుంది. పడుకోబోయే ముందు టీవీలో, సెల్‌ఫోన్‌లో దెయ్యాల కథలు, కొట్లాటలు చూపించకూడదు. 3 నుంచి 5 ఏళ్ల పిల్లలకు పగటి నిద్రతో కలిపి రోజుకు 10 నుంచి 13 గంటల నిద్ర కావాలి.

గదిలో మసక వెలుతురుండే చిన్న బల్బు ఉంచవచ్చు. ఎక్కువ వెలుగు నిద్ర చెడగొడుతుంది. కిరసనాయిలు బుడ్డి మాత్రం పక్క దగ్గర పెట్టవద్దు. దుప్పటి అంటుకుంటే ప్రాణాలకే ప్రమాదం.

చీకట్లో ఏమీ ఉండదని కూడా చెప్పకూడదు. పాము, తేలు ఉండవచ్చు. "బూచాడు లేడు. తేలు ఉండొచ్చు. చెప్పులేసుకో, లైటు తీసుకుని వెళ్దాం" అని నిజం చెప్పాలి. అది భయపెట్టడం కాదు. జాగ్రత్త నేర్పడం. నేల మీద పడుకునేవాళ్లు దోమతెర కట్టుకుని, అంచులు పక్క కిందికి దోపుకోవాలి. దోమలే కాదు, రాత్రిపూట తిరిగే కట్లపాము కూడా లోపలికి రాదు.

ఇంకొక ముఖ్యమైన మాట. సందెవేళ పిల్ల తడుముకుంటూ నడుస్తుందా? గడప తట్టుకుని పడిపోతుందా? పక్కనే ఉన్న గిన్నె కనబడడం లేదా? అయితే అది భయం కాకపోవచ్చు. రేచీకటి కావచ్చు. విటమిన్ ఎ తక్కువైతే రేచీకటి వస్తుంది. కంటి తెల్లగుడ్డు మీద నురగలాంటి మచ్చ కూడా రావచ్చు. అశ్రద్ధ చేస్తే చూపే పోతుంది. తాయెత్తు కడితే ఇది తగ్గదు. వెంటనే డాక్టరుకు చూపించాలి. మన దేశంలో పిల్లలకు విటమిన్ ఎ మందు పట్టే కార్యక్రమం 1970లో మొదలైంది. 9 నెలల వయసు నుంచి 5 ఏళ్ల వరకు విడతలుగా పడతారు. మీ బిడ్డకు ఎన్ని విడతలు పట్టారో కార్డు తీసి మీరే చదివి చూడండి. మునగాకు, తోటకూర, బొప్పాయి, మామిడిపండు, గుడ్డు తినిపించండి.

కొందరు పిల్లలు చీకటికి కాదు, ఒక మనిషికి భయపడుతుంటారు. ఉన్నట్టుండి భయం మొదలైతే, ఫలానావాళ్ల దగ్గర పడుకోనని ఏడిస్తే, కోప్పడకండి. మెల్లగా అడగండి. చెప్పింది నమ్మండి. ఎవరైనా బిడ్డను బాధపెడుతున్నారని తెలిస్తే 1098కు ఫోను చేయండి. డబ్బులు ఖర్చు కావు.

మాట్లాడుకోండి

1. మీ ఇంట్లో పిల్లలను ఏ మాట చెప్పి భయపెడుతున్నారు? దాని బదులు ఏం చెప్పవచ్చు?
2. మీ వీధిలో సందెవేళ చూపు ఆనని పిల్లలు ఎవరైనా ఉన్నారా?
3. ఈ రాత్రి మీ పిల్లలకు ఏ కథ చదివి వినిపిస్తారు?