చచ్చి బతికే ఎద్దు
(సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఎప్పుడూ డి.ఏ. బకాయిలు, మెడికల్ బిల్లుల గురించే మాట్లాడుకుంటున్నాం, ఈసారి ఆటవిడుపుగా ఏదైనా చెప్పమని కార్యదర్శి గారు కోరారు. అందుకని బ్రెజిల్ దేశపు జానపద నృత్యం ఒకదాని గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను. నేను ఆ దేశం వెళ్ళినవాణ్ణి కాను. చదివి, వీడియోలు చూసి తెలుసుకున్నదే చెబుతున్నాను.

బ్రెజిల్ ఈశాన్యాన మరన్యావో అనే రాష్ట్రం ఉంది. రాజధాని సావో లూయిస్. అక్కడ జూన్ నెల వచ్చిందంటే 'బుంబా మెవు బోయి' ఆట మొదలవుతుంది. బోయి అంటే ఎద్దు. మన గంగిరెద్దులా ప్రాణమున్నది కాదు. తేలికైన చట్రం మీద మఖమల్ గుడ్డ కప్పి, పూసలతో, చెమ్కీలతో బొమ్మలు కుడతారు. లోపల ఒక మనిషి దూరి ఆడిస్తాడు.

కథ చిన్నది. పశువుల కొట్టంలో పనిచేసే ఫ్రాన్సిస్కో భార్య కతిరినా కడుపుతో ఉంటుంది. ఆమెకు ఎద్దు నాలుక తినాలని వేవిళ్ళ కోరిక పుడుతుంది. అదీ యజమాని ప్రాణంగా చూసుకునే ఎద్దుదే కావాలంటుంది! పాపం ఫ్రాన్సిస్కో ఆ ఎద్దును చంపుతాడు, పట్టుబడతాడు. చివరకు మంత్రగాళ్ళు, వైద్యులు కలిసి ఎద్దును బతికిస్తారు. యజమాని క్షమిస్తాడు. ఇక అందరూ కలిసి చిందులే.

బృందానికో బాణీ ఉంది. కొందరు రెండు చెక్కముక్కలు టకటకా కొడతారు. కొందరివి పెద్ద డోళ్ళు, మరికొందరివి బాకాల మేళాలు. జూన్ 23 రాత్రి, అంటే సెయింట్ జాన్ పండుగ ముందు రోజు, ఎద్దుకు జ్ఞానస్నానం చేయిస్తారు. నెలాఖరు దాకా వీధులన్నీ హోరెత్తుతాయి. ఉత్సవాలన్నీ ముగిశాక ఎద్దును ఆటలోనే చంపుతారు.

ఇది వట్టి నవ్వులాట కాదని నా అభిప్రాయం. ఆ దేశంలో బానిసత్వం 1888 దాకా సాగింది. యజమాని సొత్తు మీద పనివాడు చెయ్యివేసి, ప్రాణాలతో బయటపడటం ఆ రోజుల్లో ఆటలోనే సాధ్యం. నల్లవారు, పేదలు ఆడే ఈ ఆట పట్టణ పెద్దలకు గిట్టలేదు. 1861లో సావో లూయిస్‌లో దీన్ని నిషేధించారు. కొన్నేళ్ళకు ఎద్దు మళ్ళీ లేచింది. 2011లో బ్రెజిల్ ప్రభుత్వమే దీన్ని జాతీయ సాంస్కృతిక వారసత్వంగా నమోదు చేసింది. 2019లో యునెస్కో తన జాబితాలో చేర్చింది.

జీవితమంతా ఫైళ్ళ మధ్య గడిపినవాణ్ణి కనుక నాకు ఇక్కడ ఒకటి తోచింది. ఒక ఉత్తర్వు ఆ ఆటను చంపలేకపోయింది. మరో ఉత్తర్వు మాత్రం దాన్ని ఎలా బతికిస్తుంది? ఏటా కొత్త గుడ్డ మీద పూసలు కుట్టే చేతులు, పాట కట్టే పెద్దలు, పక్కన నిలబడి డప్పు పట్టుకునే పిల్లలు, వీళ్ళే దాన్ని బతికిస్తున్నారు. చిన్నవాళ్ళకు నేర్పే పని అక్కడ మనలాంటి వయసు వాళ్ళదే.

మనం రిటైరయ్యాం గాని మనకు వచ్చిన పాటకు, పనితనానికి రిటైర్మెంటు లేదు. మనవలు అడిగేదాకా ఆగకుండా మనమే మొదలుపెడదామని మనవి.