ముగ్గు పోయకముందే చూసుకోవాల్సినవి

(ఇందిరమ్మ ఇండ్ల అవగాహన సభలో మాట్లాడిన మాటలు. ఫోన్‌లో చదువుకోండి, పక్క గుంపులోళ్లకు కూడా పంపండి.)



ఈ పథకం మొదలైంది మన దగ్గరే. 2024 మార్చి 11న ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి గారు భద్రాచలంలో ప్రారంభించారు. 2025 సెప్టెంబర్ 3న చంద్రుగొండ మండలం బెండాలపాడులో గృహప్రవేశాలు కూడా చేయించారు. కాబట్టి ‘ఇస్తరా, ఇయ్యరా’ అన్న మాట ఈ రోజు వద్దు. మంజూరు పత్రం చేతికొచ్చిన తర్వాత కూడా ఇల్లు మధ్యలో ఎందుకు ఆగిపోతది? ఆ సంగతి మాట్లాడుకుందాం.

మొదటిది స్థలం. సొంత జాగా ఉండి పక్కా ఇల్లు లేనివాళ్లు ఎల్1 జాబితాలో ఉంటారు. జాగా కూడా లేనివాళ్లు ఎల్2లో ఉంటారు. మీరు ఎల్1లో ఉన్నారంటే, సర్వేకు వచ్చినప్పుడు యాప్‌లో ఒక స్థలం దగ్గర మీ ఫొటో తీసి ఉంటారు. ఇల్లు అక్కడే కట్టాలి. ‘అది పల్లంగా ఉంది సార్, రోడ్డు పక్కన కట్టుకుంటం’ అని మీ అంతట మీరు జరిగితే బిల్లు దగ్గర చిక్కు వస్తది. మార్చాలంటే ముగ్గు పోయకముందే అడగండి. పునాది లేచాక అడిగితే మా చేతుల్లో ఏమీ ఉండదు.

ఆ స్థలం ఏ రకం భూమి అన్నది ఇంకో ప్రశ్న. గ్రామకంఠంలో తాతల నాటి ఇల్లు ఉన్న జాగా అయితే దిగులు తక్కువ. పంచాయతీ ఇంటి పన్ను రసీదు వెతికి పెట్టుకోండి. పట్టా వ్యవసాయ భూమి అయితే, ఇంటి జాగాగా మార్చుకోవాలా అన్నది తహసీల్దార్ కార్యాలయంలో అడగండి.

పోడు భూమి విషయం నిదానంగా వినండి. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం 2005 డిసెంబర్ 13 నాటికే మీ ఆధీనంలో ఉన్న భూమికి హక్కు పత్రం వచ్చింది. అది నివాసానికి, సొంత సాగుకు ఇచ్చిన హక్కు. భార్యాభర్తలిద్దరి పేరు మీద ఉంటది, పిల్లలకు వారసత్వంగా వస్తది. అమ్మడానికి, కొనడానికి మాత్రం కుదరదు. ‘పోడు పట్టాలో రెండు గుంటలు కొన్నా’ అని ఎవరైనా బాండ్ పేపర్ చూపిస్తే, ఆ పేపరుకు విలువ లేదు. మీ సొంత పత్రమే అయినా, అటవీశాఖ సిబ్బందిని పిలిచి హద్దు చూపించుకున్నాకే ముగ్గు పోయండి. హద్దు దాటి నాలుగు అడుగులు లోపలికి పోతే పని ఆపుతారు. అప్పుడు సిమెంటు గడ్డకట్టేది మీ ఇంట్లోనే. ఇక పత్రమే లేని అడవిలో కొత్తగా చెట్లు కొట్టి కట్టుకునే ఆలోచన ఉంటే వదిలేయండి.

గిరిజనేతరులకు ఒక మాట, నొచ్చుకోవద్దు. ఏజెన్సీలో 1959 నాటి ఒకటో రెగ్యులేషన్, దానికి 1970లో వచ్చిన సవరణ నడుస్తున్నాయి. గిరిజనుల భూమి గిరిజనేతరులకు బదలాయింపు చెల్లదు. ఒక గిరిజనేతరుడి నుంచి ఇంకో గిరిజనేతరుడు కొన్నా చెల్లదు. పదేళ్ల కింద డబ్బు కట్టాం, తెల్ల కాగితం ఉంది అంటే కుదరదు. మీది ఏ కాలం నాటి జాగానో, ఏ కాగితం ఉందో ముందే చూపించండి.

భద్రాచలం పక్కనున్న ఎటపాక, పురుషోత్తపట్నం, గుండాల, కన్నాయిగూడెం, పిచ్చుకలపాడు 2014లో ఆంధ్రప్రదేశ్‌కు పోయాయి. రోజూ బజారుకు వచ్చేది భద్రాచలమే అయినా, అక్కడి జాగాకు మన పథకం రాదు, మన పంచాయతీ అనుమతి చెల్లదు.

ఇప్పుడు కొలత. కనీసం 400 చదరపు అడుగులు, 600 దాటకూడదు. ఎక్కువ మంది దెబ్బతినేది ఇక్కడే. మేస్త్రీ ‘20 బై 30, సరిగ్గా 600’ అంటాడు. ఆయన చెప్పింది లోపలి కొలత. చుట్టూ 9 అంగుళాల గోడ లేపితే బయటికి ఇరవై ఒకటిన్నర బై ముప్పై ఒకటిన్నర, అంటే 677 అయితది. టేపు బయటి అంచు నుంచి అంచుకు పట్టండి. కొడుకు పెళ్లికి ఉంటదని ఇంకో గది కలిపి పునాది తీసిన అక్కలు ఉన్నారు. ఆశ తప్పు కాదు. కానీ వడ్డీకి తెచ్చిన డబ్బుతో లేచిన ఆ పునాది ముందు నిలబడి ‘ఇది కుదరదమ్మా’ అని చెప్పడం నాకు కూడా కష్టమే.

ఎందుకంటే డబ్బు ముందు రాదు. బేస్‌మెంట్ అయ్యాక లక్ష, గోడలు అయ్యాక లక్షా 25 వేలు, స్లాబ్ పడ్డాక లక్షా 75 వేలు, ఇల్లు పూర్తయ్యాక లక్ష. మొత్తం 5 లక్షలు. మొదటి లక్ష వచ్చేదాకా పెట్టుబడి మీదే. మధ్యవాళ్లకు ఇచ్చేది ఏమీ లేదు. ప్రతి దశలో ఫొటో యాప్‌లో ఎక్కాలి, ఇంటి ఆడమనిషి ఖాతాకు ఆధార్ జోడించి ఉండాలి. ఇసుకకు కూపన్ ఉచితమే, ట్రాక్టర్ కిరాయి మాత్రం ముందే మాట్లాడుకోండి.

పథకం మంజూరైంది గదా, ఇంకా అనుమతి ఎందుకని కొందరు అడుగుతున్నారు. పంచాయతీ కార్యదర్శికి స్థలం కాగితం, ప్లాన్ గీత ఇచ్చి రసీదు తీసుకోండి. రేపు మీటరుకైనా, పక్కింటోళ్లతో దారి గొడవకైనా పనికొచ్చేది ఆ కాగితమే. ఖమ్మం, కొత్తగూడెం లాంటి పట్టణాల్లో అయితే ఆన్‌లైన్‌లో నమోదు చేసుకోవాలి. 75 గజాల లోపు జాగా, 7 మీటర్ల లోపు ఎత్తు అయితే 1 రూపాయితో అయిపోతది. ఊళ్లో పంచాయతీ తన అంతట తాను ఇచ్చేది పైన రెండంతస్తుల వరకే.

అంతస్తుల మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా. 2025 మార్చి 26న భద్రాచలంలో పాత భవనం మీద అంతస్తులు లేపుతుంటే మొత్తం కూలిపోయింది. ఇద్దరు కూలీలు చనిపోయారు. పునాది ఎంత బరువు మోస్తదో ఆ రోజు పనికి వచ్చిన కూలీకి ఎవరు చెప్తారు? మీ ఇంటి మీద రేపు ఇంకో అంతస్తు వేయాలనుకుంటే ఇప్పుడే ఇంజనీరుకు చెప్పి పిల్లర్లు, పునాది దానికి తగ్గట్టు వేయించుకోండి.

చివరగా గోదావరి ఒడ్డు ఊళ్లవాళ్లకు. 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986లో 75.6 అడుగులు వచ్చింది, 2022 జులైలో 71.3. ఆ నీరు మీ జాగాలో ఎక్కడిదాకా వచ్చిందో పెద్దలకు తెలుసు. వాళ్లను తీసుకొచ్చి గీత పెట్టించండి. బేస్‌మెంట్ దానికి పైకి లేపగలిగితే లేపండి. లేకపోతే మెరక జాగా కోసం ఇప్పుడే అడగండి.

సరే, నా మాటలు చాలు. మంజూరు పత్రం, ఇంటి పన్ను రసీదు, పోడు పత్రం తెచ్చినవాళ్లు ఇటు వరసలో రండి. తేనివాళ్లు ఇంటికి పోయి తెచ్చుకోండి, సాయంత్రం దాకా ఇక్కడే ఉంటాం.